ఒకే అక్షరం కింద నాలుగు తరగతులు

నమూనా రైళ్ళ అభిరుచిలో ‘ఎస్’ స్కేలుది అల్పసంఖ్యాక వర్గం. అసలు రైలులో 64వ వంతు పరిమాణం దానిది. అధికులు ఎంచుకునే హెచ్‌ఓ (87వ వంతు) కన్నా పెద్దది. ఓ (48వ వంతు) కన్నా చిన్నది.

స్కేలు వేరు, గేజి వేరు. మొదటిది రైలు పరిమాణం, రెండవది పట్టాల ఎడం. గిల్బర్ట్ సంస్థ 1939లో తెచ్చిన అమెరికన్ ఫ్లయర్ రైళ్ళు 64వ వంతువే అయినా ఓ గేజి పట్టాలపై నడిచేవి. 1943లో అమెరికా నమూనా రైల్వే సంఘం ‘ఎస్’ పేరును ఖాయం చేసింది. 1946లో ఫ్లయర్ 22.5 మిల్లీమీటర్ల ఎస్ గేజికి మారింది.

క్రమంగా నాలుగు తరగతులు ఏర్పడ్డాయి. ఫ్లయర్ వారివి లోతైన చక్రపుటంచులు, ఎత్తైన పట్టాలు, ఏసీ విద్యుత్తు. ‘స్కేలు’ వారికి పట్టా ఎత్తు, చక్రపుటంచు, కొక్కెం అన్నీ అసలుకు దగ్గరగా ఉండాలి. ‘హైరెయిల్’ మధ్యేమార్గం: పెట్టె కొలత ప్రకారం, చక్రాలు ఎత్తైన పట్టాలకు తగినట్టు. నాలుగవది నారో గేజి.

ఈ హద్దులు కేవలం అభిరుచి భేదాలు కావు. లోతైన అంచు పొట్టి పట్టాల మేకులకు తగులుతుంది. సన్నని చక్రం ఫ్లయర్ పట్టాల కూడళ్ళలో దిగబడుతుంది. కనుక నిర్వచనం అవసరం. కాని అదే గోడగా మారితే, అసలే కొద్దిమంది ఉన్న వర్గంలో ఏ తరగతికీ చాలినంత సరుకు తయారుకాదు. అందుకే కొందరు తయారీదారులు ఒకే పెట్టెకు రెండు రకాల చక్రాలు ఇచ్చారు.

మా క్యారీ రైలుమార్గం పక్కన పెరిగిన ఊరు. ఇక్కడి 1435 మిల్లీమీటర్ల గేజి ఎస్‌లో చక్కగా ఒదుగుతుంది. మన 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజికి 26.2 కావాలి, ఒదగదు. ఒకనాటి గుంటూరు–మాచర్ల మీటర్ గేజికి 15.6 చాలు. అది హెచ్‌ఓ వారి 16.5 మిల్లీమీటర్ల పట్టాలకు దగ్గర. అంటే ఆ బండిని ఎస్‌లో నిర్మించేవారు నారో గేజి తరగతిలో చేరి, అధికసంఖ్యాకుల పట్టాలనే వాడుకోవచ్చు. తరగతి చెప్పవలసింది ఎవరు గొప్ప అని కాదు, ఏది దేనిపై నడుస్తుందని.