దుఃఖానికి జాతి ఉందా?

మానవ స్వభావాన్ని గురించిన చర్చలో జీవశాస్త్రం పేరెత్తగానే మనలో చాలామంది ఉలిక్కిపడతారు. కారణం లేకపోలేదు. 1864లో స్పెన్సర్ వాడిన 'యోగ్యులదే మనుగడ' అన్న మాటను అడ్డం పెట్టుకొని, పేదల దుస్థితికి ప్రకృతినే బాధ్యురాలిని చేసిన పండితులు కొల్లలు. 1975లో విల్సన్ 'సోషియోబయాలజీ' వెలువడినప్పుడు లెవొంటిన్, గూల్డ్ వంటివారు దాన్ని ఎదిరించింది అందుకే. కాని ఆ భయంతో శాస్త్రాన్నే అవతలి పక్షానికి ధారపోయడం ఎంతవరకు సబబు?

మానవులలోను జంతువులలోను ఉద్వేగాలు వ్యక్తమయ్యే తీరును గురించి డార్విన్ 1872లో ప్రచురించిన గ్రంథాన్ని మనవారు తగినంతగా చదవలేదని నా అనుమానం. అంతకుముందు శరీరశాస్త్రవేత్త చార్లెస్ బెల్, మనిషి ముఖంలోని కొన్ని కండరాలు భావప్రకటన కోసమే భగవంతుడు ప్రత్యేకంగా అమర్చినవని వ్రాశాడు. డార్విన్ ఒప్పుకోలేదు. 1867లో 16 ప్రశ్నలు తయారుచేసి దేశదేశాలలోని మిషనరీలకు, ఉద్యోగులకు పంపాడు. ఆశ్చర్యపడినవారు కళ్లూ నోరూ పెద్దవిగా తెరుస్తారా? సిగ్గుపడితే ముఖం కందుతుందా? 36 జవాబులు వచ్చాయి.

కలకత్తా బొటానికల్ తోటలో పనిచేసిన స్కాట్ జవాబు నన్ను వదలదు. జబ్బూ పేదరికమూ కలిసి ఒక హిందూస్తానీ మనిషి చేత ముద్దుగా పెంచుకున్న మేకను అమ్మించాయి. అతడు చేతిలోని డబ్బు వంక చూస్తాడు, మేక వంక చూస్తాడు. డబ్బు తిరిగి ఇచ్చేద్దామా అన్నట్టు తటపటాయిస్తాడు. కట్టివేసి వున్న మేక ముందుకాళ్లెత్తి అతని చేతులు నాకింది. పెదవుల కొసలు కిందికి దిగాయి, కనుబొమలు ఏటవాలుగా లేచాయి. చివరకు బావురుమని, రెండు చేతులూ ఎత్తి మేకను దీవించి, వెనుదిరిగి చూడకుండా వెళ్లిపోయాడు.

ఇంగ్లండులో దొర ఏడ్చినా పనిచేసే కండరాలివే. మానవజాతులన్నీ ఒకే మూలం నుంచి వచ్చాయనడానికి ఇది మరొక ఆధారమని డార్విన్ తేల్చాడు. నల్లవారు వేరే సృష్టి అని వాదించిన పండితులింకా సజీవులుగా వున్న రోజులవి. ఇది చిన్నమాట కాదు. (తరగతిలో రోమాంచాన్ని సాత్త్విక భావంగా బోధించే నాబోటివారికి, అది బెదిరిన జంతువు వెంట్రుకలు నిక్కబొడుచుకోవడానికి మిగిలిన ఆనవాలని ఒప్పుకోవడం కొంచెం కష్టమే!)

అయితే కనుబొమలను అలా కదిలించినది పరిణామక్రమం. మేకను అమ్మించినది మరొకటి. ఆ మరొకదాన్ని డార్విన్ ఒక్క ముక్కలో దాటిపోయాడు. అహమ్మదునగరు నుంచి ఎర్‌స్కిన్ అనే ఆయన తెలియజేసిన సంగతి యింకా చిత్రం. యూరపియన్ల ఎదుట ఇక్కడివారు భావాలన్నిటినీ దాచుకుంటారట, అందుచేత తానేదీ నిశ్చయంగా చెప్పలేకపోతున్నాడట. ఏడ్చే కండరాలు యుగయుగాల వారసత్వం. దొర ఎదుట వాటిని బిగబట్టడం ఎవరు నేర్పిన విద్య?

స్కాట్ చాటునుంచి చూసింది అందుకేనేమో. తోటమాలి భార్య, ఒక ధాంగర్ యువతి, చావుబ్రతుకుల్లో వున్న బిడ్డను ఒడిలో పెట్టుకొని వుండగా, మొక్కల మాటున నిలిచి ఆమె కనుబొమలను, నొసటి ముడతలను గమనించాడు. తర్వాత బయటికి వచ్చి పలకరిస్తే ఆమె ఉలిక్కిపడి, భోరున ఏడ్చి, బిడ్డను బ్రతికించమని వేడుకుంది. ముడతల వివరమంతా గ్రంథంలో వుంది. బిడ్డ ఏమైందో లేదు.