ఇకామా కాగితంలో మా పేర్లు

రేపల్లె దాటి సముద్రం వైపు పోతే నిజాంపట్నం వస్తుంది. ఇవాళ అది చేపల రేవు. నాలుగు వందల ఏళ్ల కిందట దాన్నే విదేశీ వర్తకులు పెటపోలి అని రాసుకున్నారు. 1606లో డచ్చివాళ్లు అక్కడ వ్యాపారం పెట్టుకోవడానికి గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా దగ్గర అనుమతి సంపాదించారు. 1611లో ఇంగ్లీషువాళ్ల గ్లోబ్ ఓడ అదే రేవుకు వచ్చింది. వాళ్లూ అనుమతి కోసం తిరిగినవాళ్లే. తెల్లవాడు మన తీరంలో నాలుగు రోజులు ఉండాలంటే మన కాగితం కోసం నిలబడిన కాలం అది. ఆ రోజుల్లో ఏలికలు ఇచ్చే అభయపత్రానికి కౌలు అని పేరు. కౌల్ అంటే అరబ్బీలో మాట, ఇచ్చిన మాట. కృష్ణా డెల్టాలో పొలం కౌలుకు తీసుకునే రైతుకు ఇది అరబ్బీ మాటని తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

ఆ ఒక్క మాటే కాదు. దరఖాస్తు, దస్తావేజు, దాఖలా, రుజువు, జామీను, హామీ, నకలు, రసీదు, మంజూరు, రద్దు. తెలుగువాడు కచేరీ మెట్లెక్కి దిగేదాకా వాడే మాటల్లో సగం పారసీ, అరబ్బీల నుంచి ఉర్దూ మీదుగా వచ్చినవే. ఇవన్నీ ఇక్కడే స్థిరపడ్డాయి. వీటిని స్థానికత రుజువు చూపించమని ఎవరూ అడగలేదు. అడిగింది మమ్మల్నే.

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో మా వాళ్లకు ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడూ చదవగలిగిన మనిషి కనపడితే చాలు, చేతిలో ఒక సంచీ పెడతారు. అందులో పాస్‌పోర్టు నకలు, రేషన్ కార్డు, నిఖానామా, బడి సర్టిఫికెట్, గల్ఫ్ నుంచి వచ్చిన వీసా కాగితం ఉంటాయి. పత్రికల్లో పనిచేసే మాకు వార్తలు రాసిన అనుభవం కంటే ఈ సంచీలు విప్పిన అనుభవమే ఎక్కువేమో. కడప, రాయచోటి, గోదావరి జిల్లాల నుంచి పోయినంత మంది మా వైపు నుంచి పోలేదు. అయినా 1973లో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాలకు పనివాళ్లు కావలసి వచ్చాక, మా దర్జీలూ, డ్రైవర్లూ, మెకానిక్‌లూ, వంటవాళ్లూ ఆ దారి పట్టారు. దూది ఏకే పని చచ్చిపోయాక పరుపులు కుట్టుకున్న దూదేకులవాళ్లు కూడా అందులో ఉన్నారు.

అక్కడ ఉండటానికి ఇచ్చే కాగితానికి సౌదీలో పేరు ఇకామా. ఈ మాట మాకు కొత్తదా? మసీదులో నమాజు మొదలవబోయే ముందు, అందరూ వరసలో నిలబడటానికి పిలిచే పిలుపు కూడా ఇకామానే. రోజుకి ఐదుసార్లు చెవిన పడే మాట. నిలబడటం, నిలపడం, నివసించడం, అన్నీ ఆ మాటలో ఉన్నాయి. ఆ మాట కోసం లక్షలు అప్పుచేసి పోయినవాడికి అక్కడ అర్థమయ్యేది వేరు. నిలబడే హక్కు నీది కాదు, నీ కఫీల్‌ది. కఫీల్ అంటే జామీనుదారు. నేరం చేయకుండానే జామీను కావలసిన బతుకు అది. కఫీల్ వద్దంటే ఇకామా పోతుంది, ఇకామా పోతే మనిషి పరారీ కింద లెక్క.

కువైట్‌లో మొన్నమొన్నటి దాకా 1959 నాటి 17వ నెంబరు చట్టం నడిచింది. దాని నిబంధనల్లో కంపెనీ పనివాళ్లది 18వ నెంబరు, ఇంటి పనివాళ్లది 20వ నెంబరు, కుటుంబాన్ని తెచ్చుకుంటే 22వ నెంబరు. మా వాళ్లు చట్టం పేరు చెప్పరు. 'పద్దెనిమిదా, ఇరవయ్యా?' అంటారంతే. ఇరవయ్యో నెంబరు మీద పోయినవాళ్లకు కంపెనీ కార్మికులకున్న రక్షణలు కూడా చాలాకాలం లేవు. వాళ్ల కోసమంటూ వేరే చట్టం 2015లో గాని రాలేదు. 2025 జనవరిలో నివాసాల చట్టమే కొత్తది అమల్లోకి వచ్చింది. చట్టం మారినా కఫీల్ మాత్రం పోలేదు. ఇక ఆజాద్ వీసా అని ఒకటి ఉంది. పేరుకు ఒక కఫీల్ ఉంటాడు, అతని దగ్గర పని ఉండదు, బయట ఎక్కడైనా చేసుకోవచ్చని ఏజెంటు చెబుతాడు. ఏ దేశపు చట్టంలోనూ అలాంటి వీసా లేదు. ఎంత గొప్ప మాటను ఎంత పెద్ద మోసానికి తగిలించారో చూడండి!

పేర్ల సంగతికి వద్దాం. అసలు గొడవంతా అక్కడే.

మస్తాన్ వలీ అనే పేరు తీసుకోండి. మా ప్రాంతంలో ఏ వీధిలో పిలిచినా ఒకరు పలుకుతారు. ఇంట్లో మస్తాను. బడిలో హెడ్మాస్టరు ఎస్.కె. మస్తాన్ వలి అని రాస్తాడు. షేక్ అనే మాటను రెండు అక్షరాలకు కుదించి, మధ్యలో చుక్కలు పెట్టి, రెండు ఇంటి పేర్లున్నట్టు చేస్తాడు. రేషన్ కార్డులో షేక్ మస్తాను. ఓటరు జాబితాలో మస్తానువలి, ఇంటి పేరు ఖాళీ. ఆధార్‌లో షైక్. ఇక ఇంగ్లీషులో ఆ ఒక్క ముక్కను ఎస్-హెచ్-ఎ-ఐ-కె అని రాసేవాళ్లున్నారు, ఎ తీసి ఇ పెట్టేవాళ్లున్నారు, చివర ఇంకో హెచ్ తగిలించేవాళ్లున్నారు. ఉర్దూలో ఆ పేరు ఒకే తీరుగా ఉంటుంది. తెలుగులో రెండు తీర్లు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి అన్నదమ్ములు ముగ్గురూ మూడు వంశాలవాళ్లయిపోతారు.

ఆ మనిషి ఇప్పుడు నోటరీ దగ్గరకు పోయి, ఈ పేరు గలవాడూ ఆ పేరు గలవాడూ నేనే అని స్టాంపు కాగితం మీద ప్రమాణం చేయాలి. తాను తానేనని రూపాయలు కట్టి ఒప్పించుకోవాలి.

పాస్‌పోర్టు ఫారంలో ఇంటి పేరుకొక గడి, సొంత పేరుకొక గడి. అరబ్బు పద్ధతి వేరు: తన పేరు, తండ్రి పేరు, తాత పేరు, ఆ తర్వాతే కుటుంబం పేరు. మా వాళ్లకు షేక్, సయ్యద్, పఠాన్, మహమ్మద్, నూర్‌బాషా ముందు వస్తాయి. కొన్ని ఇళ్లకు అచ్చ తెలుగు ఇంటి పేర్లూ ఉన్నాయి. కువైట్‌లో పాలక కుటుంబంవాళ్ల పేర్ల ముందు వచ్చే గౌరవ పదం షేక్. రేపల్లె దర్జీ బతాకా మీద కూడా అదే మాట. బతాకా అంటే అక్కడి పౌర గుర్తింపు కార్డు. 2019 మార్చి నుంచి కువైట్ పాస్‌పోర్టుల మీద నివాస స్టిక్కరు అంటించడం మానేసి ఆ కార్డునే రుజువుగా పెట్టుకుంది. కార్డులో పేరూ పాస్‌పోర్టులో పేరూ అక్షరం తేడా లేకుండా ఉండాలన్నారు. అక్షరం తేడా లేకుండా! మాకు సాధ్యమయ్యే మాటేనా? అరబ్బీ లిపిలో ప లేదు, ట లేదు. అక్కడ టైపు కొట్టేవాడి చేతిలో పఠాన్ బతాన్ అవుతాడు, బాపట్ల బాబత్లా అవుతుంది, రేపల్లె రేబల్లీ అవుతుంది. తెనాలి ఒక్కటే చెక్కుచెదరకుండా బయటపడుతుంది.

ఆడవాళ్ల పేర్లకు ఇంకో చిక్కు. హుస్సేన్‌బీ, మీరాబీ, హుస్సేనమ్మ. చివర బీ విడిగా రాయాలా, కలిపి రాయాలా? నిఖానామాలో బేగం ఉంటుంది, రేషన్ కార్డులో ఉండదు. ఇంటి పేరు గడి ఖాళీగా వదిలేసిన పాస్‌పోర్టులు మా ఇళ్లలో ఆడవాళ్లవే ఎక్కువ చూశాం. 2022 నవంబరు 21 నుంచి, పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉండి విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను రానివ్వమని యుఏఇ ప్రకటించింది. మామూలుగా వాళ్లను పెళ్లికి ముందు తండ్రి పేరుతో, తర్వాత భర్త పేరుతో పిలవడమే గాని, వంశం పేరు తగిలించి పిలిచింది ఎవరు? పిలవని పేరును కాగితంలోకి ఎక్కడి నుంచి తెస్తారు?

కాగితం పేరునే కాదు, చదువునూ చూస్తుంది. 1983 వలస చట్టం ప్రకారం కొన్ని దేశాలకు పనికి పోయేవాళ్లు ప్రభుత్వ వలస అధికారి దగ్గర క్లియరెన్స్ తీసుకోవాలి. పదో తరగతి పాసైనవాడికి ఆ బెడద లేదు, తప్పినవాడికి ఉంది. మోసగాళ్ల నుంచి కాపాడటానికే అంటారు, కొంత నిజమే. కాని ఎవరు తప్పుతున్నారు? ఆరు నుంచి పద్నాలుగేళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు అసలు బడికి పోలేదని, లేదా మధ్యలో మానేశారని 2006లో సచార్ కమిటీ లెక్క చెప్పింది. బడిలో నిలబెట్టుకోలేని పిల్లవాడికి విమానాశ్రయంలో ఆ సంగతి గుర్తుచేయడం మాత్రం ఈ దేశానికి బాగా తెలుసు. 2018 జనవరిలో అలాంటివాళ్లకు నారింజరంగు అట్ట పాస్‌పోర్టు ఇస్తామన్నారు. చేతిలో పుస్తకం రంగు చూసి వీడు చదువుకోనివాడని తెలిసేటట్టు! గోల పుట్టాక, అదే నెలాఖరుకు వెనక్కి తీసుకున్నారు. ఇంటి పనికి పోయే ఆడవాళ్లకైతే ముప్పై ఏళ్లు నిండాలనే నిబంధన ఉంది. నిండనివాళ్లు వయసు మార్చి రాయించుకుంటారు, లేదా విజిట్ వీసా మీద పోయి అక్కడ మార్పించుకుంటారు. అలా పోయినవాళ్లకు ఏదైనా జరిగితే ఏ రికార్డులోనూ దొరకరు.

ఇక పోలీసు విచారణ. ఊరి స్టేషను పేరు చెప్పం, ఒక స్టేషన్‌కే పరిమితమైన సంగతీ కాదు. ఫారంలో లేని ప్రశ్న ఒకటి మా వాళ్లకు ఎదురవుతుంది: 'పాకిస్తాన్‌లో చుట్టాలున్నారా?' తాతల నుంచి కాలవ గట్టు దాటని కుటుంబాన్ని అడిగే ప్రశ్న అది. ఈ ప్రశ్నకూ ఒక చరిత్ర ఉంది. దేశం చీలిన తర్వాత కూడా 1948 జూలై దాకా రెండు దేశాల మధ్య కాగితం లేకుండానే తిరిగారు. ఆ నెలలో పర్మిట్ పద్ధతి వచ్చింది. గొడవలకు భయపడి అటు పోయినవాళ్లకు, బంధువుల్ని చూడటానికి పోయినవాళ్లకు, తిరిగి సొంత ఇంటికి రావడానికి శాశ్వత పునరాగమన పర్మిట్ కావలసి వచ్చింది. రాజ్యాంగం ఏడో అధికరణంలోనే ఈ మాట ఉంది: 1947 మార్చి 1 తర్వాత పాకిస్తాన్‌కు వలసపోయినవాడు, అలాంటి పర్మిట్ మీద తిరిగొస్తే తప్ప పౌరుడిగా లెక్కకు రాడు. 1952 అక్టోబరులో పాస్‌పోర్టులు, వీసాలు వచ్చాయి. ఇల్లు ఇక్కడే ఉండి, ఆ ఇంటికి రావడానికి కాగితం అడగటం అనేది గల్ఫ్‌తో మొదలైన అనుభవం కాదు. మా జాతి జ్ఞాపకంలో అది పాతదే. తీరాంధ్ర నుంచి అటు పోయినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అయినా ప్రశ్న మాత్రం ఇంటింటికీ వచ్చింది.

సర్టిఫికెట్ల మీద ముద్రల సంగతి తొందరగా చెప్పేస్తాం. 2005లో భారతదేశం అపోస్టిల్ ఒప్పందంలో చేరింది. అందులో ఉన్న దేశానికైతే మన విదేశాంగ శాఖ వేసే ఒక్క ముద్ర చాలు. ఎక్కడో ఉన్న మెక్సికోకు మకాం మార్చేవాడి నిఖానామాకూ అదే ముద్ర, దాంతోపాటు స్పానిష్ తర్జుమా. సౌదీ 2022 డిసెంబరు నుంచి ఆ వరసలోకి వచ్చింది. మా వాళ్లు ఎక్కువగా పోయే కువైట్ రాలేదు. అందుకని ముందు రాష్ట్ర ప్రభుత్వం, తర్వాత విదేశాంగ శాఖ, ఆ తర్వాత ఆ దేశ రాయబార కార్యాలయం, ఒకదాని తర్వాత ఒకటి తిరగాలి. ఉర్దూ నిఖానామాను ముందు ఇంగ్లీషు చేయించాలి, అక్కడికి పోయాక అరబ్బీ చేయించాలి. ఆ నిఖానామాలో ఉన్న నిఖా, మెహర్, వకీల్, గవా అన్న నాలుగు మాటల్లో మొదటి మూడూ అరబ్బీవే. అరబ్బీని ఇంగ్లీషు చేసి మళ్లీ అరబ్బీ చేయడానికి డబ్బు కడుతున్నామన్నమాట.

2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడింది. బాపట్ల, రేపల్లె రెండూ అందులోకి పోయాయి. తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. అంతకు ముందు తీసుకున్న పాస్‌పోర్టుల్లో గుంటూరు జిల్లా ఉంటుంది, ఆ తర్వాత తీసుకున్న కాగితాల్లో బాపట్ల జిల్లా. ఇల్లు కదలకుండానే చిరునామా మారింది. ఇప్పుడు సంచీలో రెండు పేర్ల మనిషితోపాటు రెండు జిల్లాల ఊరు కూడా చేరింది.

22వ నెంబరు మీద భార్యను తెచ్చుకున్నవాళ్లకు అక్కడ పిల్లలు పుడుతున్నారు. కువైట్‌లో పుట్టినంత మాత్రాన ఆ దేశం వాళ్లను తనవాళ్లనదు. మన పౌరసత్వ చట్టం ప్రకారం 2004 డిసెంబరు 3 తర్వాత విదేశంలో పుట్టిన బిడ్డ పేరు ఏడాది లోపల భారత కాన్సులేటులో నమోదు కావాలి, వేరే దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి. అందుకని పురుడు పోసుకున్న వారానికే మాకు ఫోన్లు వస్తాయి. బిడ్డకు ఏం పేరు పెట్టాలని కాదు, అది ఎప్పుడో అనుకున్నారు. ఇంటి పేరు గడిలో షేక్‌ను ఏ అక్షరాలతో రాయాలని అడుగుతారు. తండ్రి పాస్‌పోర్టులో ఎట్లా ఉంటే అట్లాగే, ఒక్క అక్షరం కూడా సరిదిద్దొద్దు అని చెబుతున్నాం.