బీటా కౌంటర్లలో నేపథ్య రొద తగ్గిన వైనం

కార్బన్-14 నుంచి వెలువడే బీటా కణం చాలా బలహీనం. దాని గరిష్ఠ శక్తి 156 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. గైగర్ కౌంటర్ గాజు గోడ దాటేలోపే చాలావరకు ఆగిపోతుంది. సంఖ్యా తక్కువే: ఇప్పటి చెట్టులోని ఒక గ్రాము కర్బనంలో నిమిషానికి దాదాపు 14 పరమాణువులు మాత్రమే విచ్ఛిన్నమవుతాయి. మరోవైపు, నమూనా ఏదీ పెట్టకపోయినా కౌంటర్ నిమిషానికి వందల లెక్కలు చూపుతుంది. పైనుంచి విశ్వకిరణాలు, నేలలోని యురేనియం, థోరియం, పొటాషియం నుంచి గామా కిరణాలు వచ్చి పడుతూనే ఉంటాయి. ఈ అక్కర్లేని లెక్కే నేపథ్య రొద.

కార్బన్-14తో ప్రాచీన వస్తువుల వయసు కట్టాలని 1940ల చివర్లో షికాగో విశ్వవిద్యాలయంలో విల్లార్డ్ లిబ్బీ, ఎర్నెస్ట్ ఆండర్సన్, జేమ్స్ ఆర్నాల్డ్ పూనుకున్నప్పుడు అసలు అడ్డంకి ఇదే. గోడ సమస్యను లిబ్బీ నమూనానే కౌంటర్ లోపలికి చేర్చి దాటాడు. సుమారు 8 గ్రాముల నల్లటి కర్బనాన్ని ఒక గొట్టం లోపలి వైపు పూతగా పూశారు. అంత చేసినా, పూతలోనే ఇంకిపోగా మిగిలి లెక్కకొచ్చేవి నిమిషానికి ఆరేడు బీటాలే.

కౌంటర్ చుట్టూ 8 అంగుళాల మందాన ఇనుము పేరిస్తే గామా కిరణాలు చాలావరకు ఆగి, రొద నిమిషానికి వంద దాకా దిగింది. ఆ వందను తీసివేతతో వదిలించుకోవడం కుదరదు, ఎందుకంటే ఆ వంద నిలకడగా ఉండదు. ఒక నిమిషం 90, మరో నిమిషం 110. ఆ ఊగిసలాటలో ఆరేడు కనబడవు.

మిగిలిన రొదలో ఎక్కువ భాగం విశ్వకిరణాల్లో ఇనుమునూ దూసుకొచ్చే మ్యూయాన్ కణాలది. వీటిని పట్టే దారి అంతకుముందే ఉంది. 1929లో వాల్టర్ బోథే, వెర్నర్ కోల్‌హోర్స్టర్ రెండు కౌంటర్లు ఒకేసారి మోగితేనే విశ్వకిరణంగా లెక్కగట్టారు. షికాగో బృందం దీన్ని తిరగేసి వాడింది. మధ్య కౌంటర్ చుట్టూ 11 గైగర్ కౌంటర్లను వలయంగా అమర్చారు. మ్యూయాన్ లోపలికి రావాలంటే వలయాన్ని దాటక తప్పదు. అందుకని రెండూ కలిసి మోగిన లెక్కను సర్క్యూటు కొట్టేస్తుంది. లోపలే పుట్టి లోపలే ఆగే బీటా లెక్కలో నిలుస్తుంది. రొద నిమిషానికి అయిదుకు పడింది. కిరణాన్ని ఆపలేనప్పుడు గుర్తుపట్టి వదిలేయడం: ఈ రంగంలో ఇంతకు మించిన ఆలోచన రాలేదనే చెప్పాలి. లిబ్బీకి 1960లో రసాయన శాస్త్ర నోబెల్ దక్కింది.

1950లలో అణుపరీక్షల ధూళి గాలిలో చేరి, నల్లపొడి నమూనాలకు అంటుకోసాగింది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో హెసెల్ డి వ్రీస్ కర్బనాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా మార్చి, ఆ వాయువునే కౌంటర్‌లో నింపాడు. వాయువులో కలిసిన రేడాన్ అర్ధాయువు 3.8 రోజులే కాబట్టి, నమూనాను కొన్ని వారాలు నిల్వ ఉంచితే ఆ మలినం దానంతటదే పోతుంది.

బీటా తగిలితే మెరిసే ద్రవంలో నమూనాను కలిపి లెక్కించే ద్రవ సింటిలేషన్ కౌంటర్లలో రొద మరో చోట పుట్టింది. వెలుగును పట్టే ఫోటోమల్టిప్లయర్ గొట్టం చీకట్లో కూడా వేడికి ఎలక్ట్రాన్లను వదులుతుంది. ఒకే సీసాకు రెండు గొట్టాలు పెట్టి, రెండింటిలో ఒకేసారి కనబడిన మెరుపునే లెక్కించడంతో ఇది సద్దుమణిగింది. ఇక్కడ బోథే పద్ధతి తిరగేయకుండానే పనికొచ్చింది.

చివరికి సీసంతో చేసిన కవచమే అనుమానితమైంది. కొత్త సీసంలో ఉండే సీసం-210 తానే బీటాలు వెదజల్లుతుంది. దాని అర్ధాయువు దాదాపు 22 ఏళ్లు, కనుక శతాబ్దాల నాటి సీసంలో అది మిగలదు. ఇటలీలో గ్రాన్ సాస్సో కొండ కింది ప్రయోగశాలలో, అరుదైన జంట బీటా క్షయం కోసం వెతికే క్యూఓరే పరికరానికి సార్డీనియా తీరంలో మునిగిన రోమన్ ఓడ నుంచి వెలికితీసిన సీసపు దిమ్మెలను కరిగించి కవచం చేశారు.