బందరు రేవు - పిట్ వంశావళి

వంశావళి యనగానే మన పరిశోధకులకు ముందుగా స్ఫురించునవి శాసన ప్రశస్తులు, ప్రబంధావతారికలు, కైఫీయతులు. ఆంగ్ల ప్రభువంశముల చరిత్ర మనకు సంబంధింపని విషయమనియు, అది లండను గ్రంథాలయములలో కూర్చుండి చేయవలసిన పని యనియు సామాన్యముగ తలంతురు. ఈ తలంపు సరికాదని చూపుటయే ఈ వ్యాసోద్దేశము. ఇంగ్లండునకు ఇరువురు ప్రధానమంత్రుల నొసగిన ఒక వంశము యొక్క అభ్యుదయమునకు మూలము కృష్ణాతీరమున నున్నది. ఆ వంశపు దాయాది కలహమునకు రంగస్థలము బందరు. కావున ఈ వంశావళిని పరిశీలించు అధికారము, అంతకంటె మించి అవసరము, మనకు కలదు.

బందరు పట్టణము నానుకొని సముద్రపు పాయ యొడ్డున గిలకలదిండి యున్నది. నేడది చేపల రేవు. తీరమున లోతు తక్కువ యగుటచే పెద్దయోడలు దూరముననే లంగరు వేయుటయు, మనుష్యులును సరకులును పడవలపై ఒడ్డు చేరుటయు ఈ తీరమున తరతరముల పద్ధతి. 1611లో ఆంగ్లేయుల తూర్పు ఇండియా కంపెనీ బందరున వర్తకస్థానము నేర్పరచెను. అంతకుముందే డచ్చివారచట స్థిరపడియుండిరి. ఇది మన పాఠ్యగ్రంథములలో నున్న విషయమే. కాని 1699లో ఈ తీరమున దిగిన ఇరువురు ఆంగ్లేయులను గుఱించి మనవారు తగినంతగా విచారింపలేదు.

1699: ఇరువురు ఆగంతుకులు

1698లో ఇంగ్లండు ప్రభుత్వమునకు ఇరువది లక్షల పౌనుల ఋణమిచ్చి మఱియొక కంపెనీ వర్తకాధికారమును సంపాదించెను. పాతదానికి పోటీగా వెలసిన ఈ క్రొత్త కంపెనీ తన పక్షమున బందరునకు పంపిన అధ్యక్షుడు జాన్ పిట్. అతడు కంపెనీ యుద్యోగి మాత్రమే కాక, ఇంగ్లండు రాజు పక్షమున కాన్సల్ అను బిరుదమును కూడ ధరించి వచ్చెను. ఆ సంవత్సరముననే సెప్టెంబరులో సర్ విలియం నోరిస్ అను రాయబారి ఔరంగజేబు కొలువునకు పోవుటకై బందరున దిగెను.

వీరిరువురును రెండు వేర్వేరు సామాజిక శ్రేణులకు చెందినవారు. నోరిస్ లాంకషైరు మండలములోని స్పీక్ గ్రామపు ప్రాచీన భూస్వామి కుటుంబమున పుట్టినవాడు. రాయబారమునకు తగిన గౌరవముండవలెనని 1698లో అతనికి బారొనెట్ పదవి నిచ్చిరి. జాన్ పిట్‌నకో వంశగౌరవము కంటె వర్తకమే యాధారము. దౌత్యపు ఏర్పాట్లను గుఱించి ఇరువురకును వైరము కలిగెను. బండ్లు, బోయీలు, అనుమతి పత్రములు సకాలమున లభింపక నోరిస్ నెలల తరబడి బందరున నిలిచిపోయెను. తుదకు 1700లో ఆ మార్గమును విడిచి ఓడపై సూరతునకు పోయెను. 1701లో పన్హాలా కడ చక్రవర్తిని దర్శించెను గాని ఫర్మానా లభింపలేదు. 1702లో స్వదేశమునకు మరలుచు సముద్రముమీదనే మరణించెను. సంతానము లేనందున అతని బారొనెట్ పదవి నాలుగేండ్లకే అంతరించెను. స్పీక్ భవనము మాత్రము తరువాత ఆ యింటి యాడుబిడ్డ మేరీ నోరిస్ ద్వారా బోక్లర్క్ వంశమునకు సంక్రమించెను. డాక్టర్ జాన్సను మిత్రుడుగ ప్రసిద్ధుడైన టోఫమ్ బోక్లర్క్ ఆమె కుమారుడే. పదవి యొక దారిని, ఆస్తి యొక దారిని పోవుట ఆంగ్ల వంశచరిత్రలలో తఱచుగ కనబడు విషయము. పరిశోధకుడు ఈ రెండింటిని విడివిడిగ గుర్తింపవలెను.

దాయాదుల తగవు

జాన్ పిట్ బందరున దిగునప్పటికి చెన్నపట్టణపు సెంట్ జార్జి కోటలో పాత కంపెనీ గవర్నరు థామస్ పిట్. ఇరువురును బంధువులు. క్రొత్త కాన్సల్ తన యధికారమును తీరమందలి ఆంగ్లేయులందఱును అంగీకరింపవలెనని కోరెను. పాత గవర్నరు నిరాకరించి, తన వారెవ్వరును అతని యాజ్ఞను పాటింపరాదని శాసించెను. ఒకే యింటిపేరు గల ఇరువురు చెఱియొక కంపెనీ పక్షమున నిలిచి చేసిన ఈ కలహము 1703లో జాన్ పిట్ మరణించువఱకు సాగెను. రెండు కంపెనీల మధ్య 1702లోనే ఒడంబడిక కుదిరినను సంపూర్ణమైన ఐక్యము 1708-09లో గాని సిద్ధింపలేదు.

ఇచట మన భాషకు సంబంధించిన సమస్య యొకటి కలదు. ఆంగ్ల గ్రంథములు జాన్ పిట్‌ను థామస్‌నకు ‘కజిన్’ అని చెప్పుచున్నవి. మా తొలి చిత్తుప్రతిలో మేమును ఆ మాటను అనాలోచితముగ ‘సోదరుడు’ అని వ్రాసితిమి. తరువాత అది తప్పని గ్రహించితిమి. ‘కజిన్’ అనునది పినతండ్రి కొడుకునకును, మేనమామ కొడుకునకును, మేనత్త కొడుకునకును, దూరపు చుట్టమునకును చెల్లు మాట. తెలుగున ఇవి వేర్వేరు వరుసలు. మొదటివాడు అన్నయో తమ్ముడో, దాయభాగమునకు పోటీదారుడు. మేనమామ కొడుకును మేనత్త కొడుకును బావలో బావమరుదులో, వియ్యమునకు తగినవారు. ఇంటిపేరు సామ్యమును బట్టి జాన్, థామస్‌లను జ్ఞాతులనవచ్చును. అంతకంటె దగ్గఱ వరుసను చెప్పుటకు ‘కజిన్’ అను ఒక్క మాట చాలదు. అనువాదకుడు లేని వరుసను కల్పింపరాదు.

కొల్లూరి వజ్రము

థామస్ పిట్ 1653లో డార్సెట్ మండలమున బ్లాండ్‌ఫర్డ్ సెంట్ మేరీ గ్రామపు క్రైస్తవాలయ గురువునకు కుమారుడుగ జన్మించెను. యౌవనమున కంపెనీ యనుమతి లేకుండ బాలాసోరు, హుగ్లీ ప్రాంతములలో వర్తకము చేసెను. కంపెనీ అతనిపై వ్యాజ్యము నడపి జరిమానా వేయించినను, తుదకు అతనినే 1698లో గవర్నరుగ నియమించెను. 1709 వఱకు అతడా పదవిలో నుండెను.

1701-02లో జామ్‌చంద్ అను వజ్రవర్తకుడొక పెద్ద రాతిని అతనికి చూపెను. సానపట్టని యా వజ్రము 410 కారట్లు. కృష్ణాతీర గనులలో, కొల్లూరున దొరకినదని ప్రసిద్ధి. వర్తకుడు రెండు లక్షల వరహాలు కోరగా, బేరము పలుమాఱులు సాగి 48,000 వరహాలకు కుదిరెను. 1702లో దానిని జ్యేష్ఠపుత్రుడైన రాబర్ట్ చేత ఇంగ్లండునకు పంపెను. సానపట్టిన పిమ్మట అది సుమారు 140 కారట్లయ్యెను. 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి ఆర్లియన్స్ ప్రభువు దానిని 1,35,000 పౌనులకు కొనెను. ‘రీజెంట్’ అను పేర నేడది పారిస్‌లోని లూవ్రు ప్రదర్శనశాలలో నున్నది. ఆ 1717లోనే థామస్ పిట్ కార్న్‌వాల్‌లోని బొకొనొక్ అను ఎస్టేటును కొనుట గమనింపదగినది. వర్తకుడు భూస్వామి యగుట ఇచట కన్నులకు కట్టినట్లున్నది.

ఆ వజ్రమును గనిలో కనుగొన్న బానిస తన కాలి గాయములో దాచి తెచ్చెననియు, ఒక ఓడ నాయకుడతనిని చంపి దానిని అపహరించెననియు కథ యొకటి ప్రచారములోనికి వచ్చెను. దీనికి ప్రమాణము లేదు. పిట్ దానిని అన్యాయముగ సంపాదించెనన్న నింద మాత్రము అతని కాలముననే యుండెను. అందుచేతనే స్వదేశమునకు మరలుచు 1710లో నార్వేలోని బెర్గెన్ పట్టణమున తాను కొనిన విధమును వివరించి ప్రమాణపూర్వకముగ వ్రాసి యుంచెను. కథ నమ్మదగినది కాదు. ఐనను ఆ గనిలో పనిచేసినవాని పేరు ఏ లేఖలోను లేకపోవుట నిజము; ఆ లోపమునే కథ పూరింప యత్నించినది.

శాఖలు, పదవులు

థామస్ పిట్ 1726లో మరణించెను. జ్యేష్ఠుడు రాబర్ట్ విలియర్స్ వంశపు హారియట్‌ను పెండ్లాడెను. వీరి కుమారులు బొకొనొక్ ప్రభువైన థామస్, చాథమ్ ఎర్ల్‌గ ప్రసిద్ధుడైన విలియం పిట్ (1708–1778). థామస్ కుమారుడు 1784లో కేమెల్‌ఫర్డ్ బారన్ అయ్యెను. చాథమ్ ద్వితీయ పుత్రుడే ప్రధానమంత్రి యైన కనిష్ఠ విలియం పిట్ (1759–1806). కంపెనీ పరిపాలనపై ప్రభుత్వ నియంత్రణమును నెలకొల్పిన 1784 నాటి ఇండియా చట్టము ఇతని పేరనే వ్యవహరింపబడుచున్నది. కంపెనీ యనుమతి లేక వర్తకము చేసి జరిమానాకు గుఱియైన వాని మునిమనుమడు ఆ కంపెనీకే కళ్లెము వేయుట చరిత్రలోని విచిత్రము.

గవర్నరు ద్వితీయ పుత్రుడు థామస్ లండన్‌డెరీ ఎర్ల్ కుమార్తెను పెండ్లాడెను. ఆమె తండ్రి పుత్రసంతానము లేక మరణింపగా పదవి యంతరించెను. 1726లో ఆ పేరి పదవినే అల్లునికి క్రొత్తగ నొసగిరి. ఇది మన యిల్లరికమును స్మరింపజేయును. ఈ శాఖయు 1765లో అంతరించెను. తరువాతి లండన్‌డెరీ ప్రభువులు స్టువర్ట్ వంశీయులు, వేఱు కుటుంబము. పదవి పేరు ఒకటైనంత మాత్రమున వంశమొకటి యని తలచుట పొరపాటు.

గవర్నరు కుమార్తె లూసీని జేమ్స్ స్టాన్‌హోప్ పెండ్లాడెను. ఆమె పౌత్రుడైన మూడవ స్టాన్‌హోప్ ఎర్ల్ చార్లెస్, చాథమ్ కుమార్తె హెస్టర్‌ను 1774లో వివాహమాడెను. ఆంగ్ల గ్రంథములు వీరిని ‘రెండవ తరపు కజిన్లు’ అని ఊరకొనును. తెలుగు వరుసలలో చూచినచో విశేషము బయటపడును. లూసీ చాథమ్‌నకు మేనత్త. ఆమె కొడుకును చాథమును బావ, బావమరుదులు. కావున చాథమ్ చార్లెస్‌నకు మామ వరుస, హెస్టర్ మరదలి వరుస. ఇది మేనరికమే. ఆంగ్లేయులకు ఈ నియమము లేదు గనుక, వారు దీనిని పాటించిరని మేము చెప్పుట లేదు. మన బంధువాచకములు వంశవృక్షములోని సంబంధమును మఱింత స్పష్టముగ చూపగలవని మాత్రమే మా యభిప్రాయము.

దత్తత, విభాగము

రెండవ కేమెల్‌ఫర్డ్ బారన్ 1804లో ద్వంద్వయుద్ధమున మరణించెను. ఆ పదవి ముగిసెను. బొకొనొక్ అతని సోదరి యాన్‌కు, ఆమె భర్త గ్రెన్‌విల్‌కు సంక్రమించెను. రెండవ చాథమ్ ఎర్ల్ 1835లో సంతానహీనుడై గతించుటతో ఆ పదవియు అంతరించెను. వజ్రము దొరకిన నూట ముప్పదియేండ్లలో పురుషక్రమమున వచ్చిన పదవులన్నియు పోయెను. ఇంగ్లండున దత్తత వలన ప్రభుపదవి సంక్రమింపదు.

మన సీమలో పరిస్థితి వేఱు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 1816లో మరణించిన పిమ్మట అతని యిరువురు దత్తపుత్రుల మధ్య వ్యాజ్యము పుట్టి ప్రివీ కౌన్సిలు వఱకు పోయెను. మొదటి దత్తపుత్రుడు జీవించియుండగా రెండవ దత్తత చెల్లదని 1846లో నిర్ణయమయ్యెను. ఇంగ్లండున సంతానలేమి వంశమును ముగించెను. ఇచట సంతానాధిక్యము ఆస్తిని హరించెను. నూజివీటి మేకావారి జమీను విభాజ్యమా యను ప్రశ్నయు 19వ శతాబ్ది చివరి భాగమున ఆ న్యాయస్థానము నెదుటికే పోయెను. 1802-03 ప్రాంతమున మచిలీపట్టణ మండలమున అమలైన శాశ్వత పరిష్కారము జమీందారుని ఆంగ్ల భూస్వామి పోలికలో భావించినది. జ్యేష్ఠునికే సర్వస్వమను ఆంగ్లాచారమునకును, అన్నదమ్ములకు సమభాగమను మన ధర్మశాస్త్రమునకును కలిగిన సంఘర్షణయే ఆ వ్యాజ్యముల సారము. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టముతో ఆ జమీందారీ యుగము ముగిసెను.

ప్రామాణ్య విచారము

ఆంగ్ల వంశావళులు పత్రబద్ధములు, మనవి పౌరాణికములు అను వాదము తఱచు వినబడును. ఇది సగము సత్యము. 1484లో స్థాపితమైన లాంఛన పరిషత్తు, 1530 మొదలు 1688 వఱకు దాని యధికారులు మండలములు తిరిగి చేసిన నమోదులు, గ్రామ క్రైస్తవాలయముల జనన మరణ పట్టికలు నిస్సందేహముగ విలువైన సాధనములు. కాని 1826లో బర్క్ ప్రచురించిన పీరేజి మొదలగు గ్రంథములలో నార్మన్ వీరుల వఱకు సాగిన పెక్కు వంశవృక్షములు కల్పితములని 19వ శతాబ్దిలో ఫ్రీమన్, ఆ పిమ్మట 1901, 1910 సంవత్సరముల గ్రంథములలో రౌండ్ నిరూపించిరి. విలియం విజేతతో వచ్చితిమని చెప్పుకొను ఆంగ్ల కుటుంబమునకును, చంద్రుని నుండి వచ్చితిమని చెప్పుకొను మన రాజవంశమునకును కోరిక యొక్కటే.

దివిసీమ శ్రీకాకుళమున ఆంధ్రవిష్ణువు స్వప్నమున సాక్షాత్కరించెనని చెప్పు ఆముక్తమాల్యద యవతారికలోనే తుళువ వంశము చంద్రుని నుండి, తుర్వసుని మీదుగ వర్ణింపబడినది. అందలి వంశవర్ణన పద్యములు పెక్కు మనుచరిత్రలోను కనబడుచున్నవి. పద్యము చేతులు మాఱినది. వంశ ప్రశస్తి స్థిరపడినది. బర్క్ గ్రంథము ఒక ముద్రణము నుండి మఱియొక ముద్రణమునకు అదే కల్పనను మోసికొనివచ్చిన తీరును దీనితో పోల్చి చూడవచ్చును. ఈ రెండింటిని త్రోసిపుచ్చుట విమర్శ కాదు. తిమ్మరాజు, ఈశ్వరనాయకుడు, నరసనాయకుడు అను సమీప పురుషుల క్రమము శాసనములతో సరిపోవును. దూరపు పురుషులు గౌరవార్థము, సమీపులు చరిత్రార్థము అను సూత్రము ఇరుదేశములకును వర్తించును.

బందరులోని డచ్చివారి సమాధులపై చెక్కిన వంశలాంఛనములు ఈ దృష్టితో చూడదగినవి. పరదేశమున మరణించిన వర్తకుడు కూడ తన కులగౌరవమును రాతిపై నిలుపుకొనెను. అట్టి రాళ్లు అదే తీరమున వారి పడవలు నడపిన పల్లెవారికి లేవు. 1864 నవంబరు 1వ తేదీ నాటి ఉప్పెనలో బందరు ప్రాంతమున సుమారు ముప్పదివేలమంది మరణించిరని ప్రభుత్వపు లెక్క. వారిలో ఎన్ని కుటుంబములు ఇంటిపేరుతో సహా అంతరించెనో ఏ పీరేజియు చెప్పదు.

ఈ విచారము వలన పరిశోధక విద్యార్థులకు మేము సూచింపదలచినవి మూడు. వంశము, పదవి, ఆస్తి అను మూడింటి సంక్రమణమును వేర్వేరుగ గుర్తింపవలెను. అన్యభాషలోని బంధువాచకమును ఆధారము లేక మన వరుసలోనికి దింపరాదు. ప్రతి వంశావళి ప్రక్కనను ఆ వంశమునకు సంపద యెచటి నుండి వచ్చెనో వ్రాయవలెను. ఈ మూడవది మిక్కిలి ముఖ్యము. పిట్ వంశవృక్షమును ఇంగ్లండున చదివినచో అది బ్లాండ్‌ఫర్డ్‌లో మొదలై చాథమ్‌తో శిఖరమునందుకొనును. కృష్ణాతీరమున చదివినచో దాని వేరు కొల్లూరి గనిలో కనబడును. ఆ కొల్లూరు నేడు పులిచింతల జలాశయము క్రింద మునిగియున్నది. గని మునిగినను, దానిని త్రవ్వినవారి ఊసు మన వంశచరిత్రలలో మునుగకుండ చూచుట మన శాఖల బాధ్యత.