ఆ కప్పు ఎవరిది?



మన మాహూర్‌లో పిల్లలకు ఆటల పోటీ పెడదామని మాట వచ్చినప్పుడల్లా రెండు ప్రశ్నలు లేస్తాయి. ఒకటి, ఏ ఆట పెట్టాలి? రెండు, జట్లు ఎలా విడగొట్టాలి? తెలుగువాళ్ళది ఒక జట్టు, మరాఠీవాళ్ళది ఒక జట్టు, లంబాడీలది ఒక జట్టు అని కొందరు అంటారు. అలా అయితే పోటీ బాగా వేడెక్కుతుందని వాళ్ళ లెక్క. ఆ రెండో ప్రశ్న గురించి ఆలోచిస్తూ ఈసారి ఒక పాత ఫుట్‌బాల్ కథ రాస్తున్నాం. ఎప్పటిలాగే పొడుగే. టీ పెట్టుకుని కూర్చోండి.

ముందు నాకౌట్ పోటీ అంటే ఏమిటో చూద్దాం. లీగ్ అంటే ఏడాది పొడుగునా ఆడేది. ఇవాళ ఓడినా రేపు గెలిచి సర్దుకోవచ్చు. నాకౌట్‌లో ఆ సౌకర్యం లేదు. ఓడితే పెట్టె సర్దుకుని రైలెక్కడమే. అందుకే డబ్బున్న పెద్ద జట్టుకు లీగ్ ఇష్టం, చిన్న జట్టుకు నాకౌట్ ఇష్టం. ఒక్క రోజు మనది అయితే చాలు, ఎంతటివాడినైనా పడగొట్టవచ్చు.

ఈ పద్ధతి ఇంగ్లండులో 1871-72లో ఎఫ్.ఏ. కప్‌తో మొదలైంది. తర్వాత అక్కడ పెద్ద లీగ్ క్లబ్బులు బలిసిపోయాయి. కింది స్థాయి క్లబ్బుల్లో పగలు ఉద్యోగం చేసుకుని, సాయంత్రం ప్రాక్టీసు చేసి, శనివారం మ్యాచ్ ఆడేవాళ్ళు ఉండేవారు. వాళ్ళు చిన్న మొత్తాలు పుచ్చుకునేవారు గనుక జీతం లేని ఆటగాళ్ళ కప్పులో వాళ్ళకు చోటు లేదు. పెద్ద కప్పులో ఎక్కువ దూరం వెళ్ళే బలమూ లేదు. అలాంటివాళ్ళ కోసమే 1969-70లో ఎఫ్.ఏ. ట్రోఫీ అని వేరే నాకౌట్ కప్ పెట్టారు. మొదటి ఏడాది మాకిల్స్‌ఫీల్డ్ టౌన్ 2-0తో టెల్ఫర్డ్ యునైటెడ్‌ను ఓడించి గెలిచింది. ఫైనల్ జరిగింది వెంబ్లీలో. చిన్న ఊరి జట్టుకు దేశంలోకెల్లా పెద్ద మైదానంలో ఒక్క రోజు దక్కింది.

పగలు ఉద్యోగం, సాయంత్రం ఆట. ఈ మాట వింటే రైల్వేలో పనిచేసిన మాలాంటివాళ్ళకు వెంటనే మన దేశం గుర్తొస్తుంది. మన దగ్గర ఆట చాలాకాలం బతికింది రైల్వే, పోలీసు, మిలిటరీ, బ్యాంకు ఉద్యోగాల నీడలోనే. ఆటగాడికి మొదట కావలసింది నెల జీతం, ఆ తర్వాతే కప్పు.

మన దేశంలో నాకౌట్ కప్పులు తెల్లవాళ్ళ రెజిమెంట్ల కోసం పుట్టాయి. 1888లో సిమ్లాలో డ్యూరాండ్, 1891లో బొంబాయిలో రోవర్స్, 1893లో కలకత్తాలో ఐ.ఎఫ్.ఏ. షీల్డ్. 1911లో మోహన్ బగాన్ ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1తో ఓడించి షీల్డ్ గెలిచింది. రోవర్స్ కప్ ఒక భారతీయ జట్టు చేతికి రావడానికి 1937 దాకా పట్టింది. అప్పుడు గెలిచినది బెంగళూరు ముస్లిమ్స్. డ్యూరాండ్‌ను 1940లో మొహమ్మడన్ స్పోర్టింగ్ గెలిచింది.

ఇప్పుడు హైదరాబాద్ సంగతికి వద్దాం. మన సంఘంలో చిన్నవాళ్ళకు ఒక విషయం తెలియకపోవచ్చు. అప్పట్లో మన మాహూర్ మహారాష్ట్రలో లేదు. కిన్వట్ తాలూకాలో ఉండేది. కిన్వట్ తాలూకా ఆదిలాబాద్ జిల్లాలో, ఆదిలాబాద్ హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి. రేణుకామాత గుట్ట ఉన్న నేల ఒకప్పుడు ఏ రాష్ట్రమో తెలిస్తేనే ఈ కథ మనది అవుతుంది.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. నిజాం రాజ్యం దేశంలో కలిసింది. ఇక్కడ సెప్టెంబరు 17న మరాఠ్వాడా ముక్తి దినం జరుపుకుంటాం. ఆ ముందూ వెనకా ఊళ్ళలో ఎంత రక్తం పారిందో, ఏ మతంవాళ్ళు ఎక్కడ ఏం పోగొట్టుకున్నారో మన పెద్దలకు తెలుసు. మనిషి మీద మనిషికి నమ్మకం పోయిన కాలం అది.

అలాంటి కాలంలో 1949-50 సంతోష్ ట్రోఫీ ఫైనల్‌కు హైదరాబాద్ జట్టు వెళ్ళింది. బెంగాల్ చేతిలో 5-0తో ఓడింది. హైదరాబాద్‌కు ఆట వచ్చు గానీ బెంగాల్ ముందు నిలవలేదని ఎవరైనా అనుకుంటే తప్పు పట్టలేం.

సరిగ్గా ఆ తర్వాత 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు పగ్గాలు సయ్యద్ అబ్దుల్ రహీం అనే మాస్టారి చేతికి వచ్చాయి. ఆయన 1909లో పుట్టారు, ఉస్మానియాలో చదివారు, బడిలో పాఠాలు చెప్పారు, 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. కుర్రాళ్ళకు ఆయన పెట్టిన పోటీలు వింతగా ఉండేవి. ఒక పోటీలో బంతిని కాళ్ళ మధ్య తిప్పుకుంటూ పోకూడదు, వెంటనే పక్కవాడికి అందించాలి. ఇంకొకదానిలో అలవాటు లేని కాలితోనే తన్నాలి. మొదటిది సొంత గొప్ప వదిలించడానికి, రెండోది సొంత లోపం సరిదిద్దడానికి. బడిపంతులు బుర్ర అంటే అదీ.

ఆ 1950లో పోలీసు జట్టు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్ గెలిచింది. అదే ఏడాది ఢిల్లీలో డ్యూరాండ్ పోటీ చాలా ఏళ్ళ విరామం తర్వాత మళ్ళీ మొదలైంది. ఫైనల్‌లో ఎదురుగా మోహన్ బగాన్. మొదటి రోజు 2-2తో తేలలేదు. అప్పట్లో పెనాల్టీ షూటౌట్లు లేవు, మళ్ళీ ఇంకో మ్యాచ్ ఆడాల్సిందే. రెండోసారి పోలీసు జట్టు 1-0తో గెలిచింది. ఒకే ఏడాదిలో రెండు పెద్ద కప్పులు! గెలిచినవాళ్ళు పోలీసు జీతగాళ్ళు.

అంతటితో ఆగలేదు. 1951, 1952, 1953, 1954 కూడా రోవర్స్ వాళ్ళదే. వరుసగా ఐదేళ్ళు. దీని లెక్క ఒకసారి వేసుకోండి. నాకౌట్‌లో ఒక్క ఓటమి అయినా ఆ ఏడు కథ ముగుస్తుంది. ఐదు కప్పులు వరుసగా గెలవడమంటే ఐదేళ్ళ పాటు ఆ పోటీలో ఒక్క మ్యాచ్ కూడా ఓడకపోవడం. ఒక్క రోజు అదృష్టం ఎవరికైనా వస్తుంది, ఐదేళ్ళ అదృష్టం ఎవరికీ రాదు. చిన్న జట్టుకు దొరికే ఒక్క రోజును ఐదేళ్ళకు సాగదీశారు వాళ్ళు. 1954లో డ్యూరాండ్ కూడా మళ్ళీ గెలిచారు.

ఆ జట్టులో నూర్ మొహమ్మద్, సయ్యద్ ఖాజా అజీజుద్దీన్ లాంటి ముస్లిం కుర్రాళ్ళు చాలామంది. పోలీసు చర్య జరిగి రెండేళ్ళు. ఎవరిని ఎవరు నమ్మాలో తెలియని రోజుల్లో, హైదరాబాద్ పేరు చొక్కా మీద వేసుకుని దేశం మధ్యకు వెళ్ళి ఆడారు. నూర్, అజీజ్ ఇద్దరూ 1952 హెల్సింకి, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో దేశం తరఫున ఆడారు. రహీం మాస్టారు దేశం జట్టుకూ కోచ్ అయ్యారు, 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చారు. ఈ దేశం మాది అని వాళ్ళు ఉపన్యాసం ఇవ్వలేదు. ఆడి చూపించారు.

ఇక 1956 సంగతి. నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలైంది. తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌కు, కన్నడ జిల్లాలు మైసూరుకు, మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రానికి వెళ్ళాయి. కిన్వట్ తాలూకా ఆదిలాబాద్ నుంచి విడిపోయి నాందేడ్ జిల్లాలో కలిసింది. దానితో మన మాహూర్ కూడా. సరిగ్గా నెల తర్వాత, డిసెంబరు 1న, మెల్బోర్న్‌లో రహీం మాస్టారి జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు వెళ్ళింది. చివరికి నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం ఇప్పటికీ అంతకు మించి వెళ్ళలేదు. అక్కడ ఆడిన హైదరాబాదీలు ఆట నేర్చుకున్న రాష్ట్రం ఒకటి, తిరిగొచ్చిన రాష్ట్రం ఇంకొకటి!

ఇంకో తమాషా చూడండి. రాష్ట్రం పోయిన తర్వాత కూడా 1956-57, 1957-58 సంతోష్ ట్రోఫీలను గెలిచిన జట్టు పేరు హైదరాబాదే. మ్యాపులో గీతలు మారినంత తొందరగా చొక్కా మీద పేరు మారలేదు. పోలీసు జట్టు తర్వాత ఆంధ్రా పోలీసు అయింది, ఆ పేరుతో 1961 డ్యూరాండ్ గెలిచింది. మాస్టారు 1962లో జకార్తా నుంచి ఇంకో ఆసియా బంగారు పతకం తెచ్చి, 1963 జూన్‌లో కన్నుమూశారు.

తులసీదాస్ బలరాం గురించి రాయకుండా వదలలేం. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో తమిళ తల్లిదండ్రులకు పుట్టినవాడు. పేద ఇల్లు. ప్రాక్టీసుకు రావడానికి సైకిలు బాడుగ రహీం మాస్టారే ఇచ్చేవారు. హైదరాబాద్ పోలీసుకు ఆడాడు, 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు, 1963లో బి.ఎన్.ఆర్. రైల్వే జట్టులో చేరి రైల్వే ఉద్యోగి అయ్యాడు. 2023లో పోయాడు. తమిళ మీడియంలో చదివి తెలుగు ఇంట్లో పెరిగి రైల్వేలో గుమాస్తాలైన మాలాంటివాళ్ళకు ఆయన మనవాడు. కానీ హైదరాబాదీలు మావాడు అంటారు, బెంగాలీలు మావాడు అంటారు. ఎవరి మాటా అబద్ధం కాదు.

ఆట ఎందుకు తగ్గింది అంటే, కలకత్తా క్లబ్బులు మంచి కుర్రాళ్ళను ఒక్కొక్కరినీ తీసుకుపోయాయి. మాస్టారి తర్వాత అంత ఓపికగా కుర్రాళ్ళను తయారు చేసినవాళ్ళు రాలేదు. బొంబాయి రోవర్స్ కప్ కూడా 2000-01 తర్వాత ఆగిపోయింది. 2024లో హిందీలో వచ్చిన మైదాన్ సినిమా చూశాక చాలామందికి రహీం పేరు తెలిసింది.

మరి ఆ ఐదు కప్పులు ఎవరివి? పేరు సిటీ పోలీసు గనుక హైదరాబాద్ నగరానివి. కాలం ప్రకారం చూస్తే ఔరంగాబాద్, నాందేడ్, గుల్బర్గా, వరంగల్, ఆదిలాబాద్ అన్నీ ఒకే రాష్ట్రంగా ఉన్నప్పటివి. అంటే మరాఠీవాళ్ళకూ, కన్నడవాళ్ళకూ, తెలుగువాళ్ళకూ, గోండులకూ, ఉర్దూ మాట్లాడేవాళ్ళకూ తలా ఒక చెయ్యి ఉంది. రాష్ట్రాన్ని పంచారు గానీ కప్పును పంచలేం. ముక్కలు చేస్తే అది రేకు ముక్క అవుతుంది. రైల్వే ఈ సంగతి ఎప్పుడో గ్రహించినట్టుంది. కిన్వట్ స్టేషను మహారాష్ట్రలో ఉన్నా ఈనాటికీ సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వేలోనే ఉంది.

అందుకని మన పిల్లల పోటీకి మా మాట ఇది. ఆట ఫుట్‌బాల్ పెడదాం, ఒక్క బంతి ఉంటే చాలు. నాకౌట్ పెడదాం, చిన్నవాళ్ళకు ఒక రోజు దక్కుతుంది. జట్లు మాత్రం భాషను బట్టి వద్దు. పేర్లన్నీ చీటీలు రాసి డబ్బాలో వేసి తీద్దాం. తమిళంలో పందు, తెలుగులో బంతి, మరాఠీలో చెండూ. మన తెలుగులో కూడా చెండు ఉంది. మాటే అన్ని ఇళ్ళూ తిరిగింది, పిల్లలు తిరగకూడదా?

మీ ఇళ్ళలో 1956కు ముందు పుట్టిన పెద్దలుంటే ఆదిలాబాద్ జిల్లా రోజుల గురించి అడగండి. వాళ్ళు చెప్పింది ఇక్కడ రాయండి. అందరం చదువుదాం.