పెంచిన చేతిలోనే తుపాకీ

1971 జూన్‌లో ఒకనాటి ఉదయం, కెన్యాలోని కోరా ముళ్లడవిలో, జార్జ్ ఆడమ్సన్ తాను ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉన్న సింహం గుండెకు గురిపెట్టి తుపాకీ పేల్చాడు. ఆ సింహం పేరు బాయ్. కాసేపటి క్రితం దాని నోట చిక్కినవాడు స్టాన్లీ, జార్జ్ క్యాంపులో పనిచేస్తున్న మనిషి. సింహం కూలిపోయింది. మరికొద్ది నిమిషాలకు స్టాన్లీ కన్నుమూశాడు. ఈ కథను ఎక్కణ్ణుంచి ఎత్తుకున్నా చివరికి ఆ ఉదయానికే చేరతాం. దారిలో ఎక్కడో ఒకచోట మలుపు తిరిగి ఉండకూడదా అని మనసు పీకుతూనే ఉంటుంది. తిరగగలిగిన మలుపులు ఉన్నాయి. ఒక్కొక్కటే దాటిపోయాయి.

జార్జ్ మన దేశంలోని ఇటావాలో 1906లో పుట్టాడు. వయసులో ఉండగా కెన్యా చేరి, ఆ పనీ ఈ పనీ చేసి, 1938లో అక్కడి వన్యప్రాణి శాఖలో కుదురుకున్నాడు. 1956 ఫిబ్రవరిలో ఉత్తర కెన్యాలో ఒక ఆడసింహం ఆయన ఉన్న వైపు ఉరికింది. ప్రాణభయంతో కాల్చాడు. అది ఎందుకు ఉరికిందో ఆ తరువాత తెలిసింది. రాళ్ల సందులో మూడు పసికూనలు. కళ్లు ఇంకా సరిగా విచ్చుకోలేదు. వాటిని ఇంటికి తెచ్చాడు. భార్య జాయ్, ఆయనా కలిసి పాలు పట్టి పెంచారు. రెండింటిని రాటర్‌డామ్ జూకు పంపారు. అన్నిటికన్నా చిన్నది మిగిలింది. అదే ఎల్సా.

ఆ తల్లిని గురించి ఎవరూ ఎక్కువగా మాట్లాడరు. నాకు మాత్రం ఈ మొత్తం విషాదానికి మూలం అక్కడే కనిపిస్తుంది. మనిషి దగ్గరికొస్తే ముప్పు అని ఆమెకు తెలుసు. ఏ అడవిలోనైనా సింహం తన పిల్లలకు వేట నేర్పుతుంది, నీళ్లున్న చోటు చూపిస్తుంది, దాంతోపాటే మనిషి వాసన తగలగానే తప్పుకోవడమూ నేర్పుతుంది. ఆమె నేలకొరిగిన రోజున కూనలకు పాలు అందకుండా పోయాయి. ఆ భయమూ అందకుండా పోయింది. పాలను సీసాతో పట్టగలిగారు. భయాన్ని ఎవరు పట్టగలరు?

ఎల్సాకు వేట నేర్పి అడవికి పంపారు. అది జతకట్టి మూడు పిల్లల్ని కని, వాటిని వెంటబెట్టుకుని వచ్చి తనను పెంచినవాళ్లకు చూపించింది. 1961 జనవరిలో పిడుదుల వల్ల సోకిన జబ్బుతో చనిపోయింది. అప్పటికే జాయ్ రాసిన ‘బోర్న్ ఫ్రీ’ దేశదేశాలు చుట్టేసింది. ఎల్సా కోసం ఎక్కడెక్కడి పిల్లలో ఏడ్చారు. ఆ కథను గుండెకు హత్తుకోవడం తేలిక. బాయ్ కథను హత్తుకోబోతే చేతులు వణుకుతాయి.

బాయ్, దాని తోబుట్టువు గర్ల్, మొదట స్కాట్స్ గార్డ్స్ అనే బ్రిటిష్ సైనిక దళం ముచ్చటపడి పెంచుకున్న పిల్లలు. బూట్ల చప్పుళ్ల మధ్య, మనుషుల చేతుల మీద పెరిగాయి. ‘బోర్న్ ఫ్రీ’ని సినిమాగా తీసేటప్పుడు ఆ రెండూ షూటింగుకు వచ్చాయి. ఎల్సాగా తెర మీద కనిపించిన సింహాల్లో గర్ల్ ఒకటి. స్వేచ్ఛను గురించిన ఆ సినిమాకు ఇరవైకి పైగా సింహాలు పనిచేశాయి. షూటింగు ముగిశాక వాటిలో చాలా వాటిని జూలకు పంపేశారు. వాటిని అడవికి వదిలేద్దామని జార్జ్ ప్రాధేయపడ్డాడు. చివరికి ఆయన చేతికి దక్కినవి మూడే: బాయ్, గర్ల్, ఉగాస్. జూ కటకటాల వెనక్కి వెళ్లిపోయినవాటి పేర్లు ఇప్పుడు ఎవరికి గుర్తున్నాయి? బాయ్ కూడా ఆ గుంపులో పోయి ఉంటే, బతుకంతా గచ్చు మీద పచార్లు చేసి ముసలితనంతో చచ్చిపోయేది. స్టాన్లీ బతికి ఉండేవాడు. ఇలా లెక్కవేస్తుంటేనే నోరు చేదెక్కుతుంది.

మేరు అడవిలో ఆ మూడింటితో జార్జ్ గుడారం వేసుకున్నాడు. నెరిసిన పిల్లిగడ్డం, నోట్లో పైపు, నిక్కరు, ఎండకు కమిలిన ఒళ్లు. తెల్లవారగానే వాటితో నడకకు బయలుదేరేవాడు. వాటికి దొరకని పూట మాంసం తెచ్చి పెట్టేవాడు. నెలలు గడిచేకొద్దీ అవి వేటలో ఆరితేరాయి, అడవి సింహాలతో తలపడి నిలిచాయి. గర్ల్ పిల్లల్ని కన్నది. బాయ్ నిండు జూలుతో మగసింహమై ఎదిగింది. ఎక్కడ తిరిగినా ఎప్పుడో ఒకప్పుడు గుడారం దగ్గరికి వచ్చి, ఆ పెద్దాయన ఒంటికి తల రాసేది. సింహాలు తమవాళ్లను పలకరించే తీరు అది. సొంత మందలో మరో సింహానికి ఎలా రాస్తుందో అలాగే.

ఆ పలకరింపులోనే ఆనందమంతా ఉంది. ప్రమాదమూ అందులోనే పొంచి ఉంది. మనిషి దాని లోకంలో ఒక భాగమైపోయాడు. బాయ్‌కు జార్జ్ ఒక్కడే మనిషి కాడు. మనుషులంతా జార్జ్ లాంటివాళ్లే.

1969లో మేరు పార్కు వార్డెన్ కుటుంబంతో జీపులో వచ్చాడు. బాయ్ దగ్గరికి వచ్చి, తెరిచి ఉన్న కిటికీలోంచి తల దూర్చి, వార్డెన్ చిన్న కొడుకు చెయ్యి పట్టేసింది. పిల్లవాడు బతికాడు, చేతికి గాయాలతో. కథ మలుపు తిరగడానికి మిగిలిన చోట్లలో అన్నిటికన్నా పెద్దది ఇదే. ఆ రోజు బాయ్ చెప్పింది స్పష్టంగా ఉంది. దాన్ని వినే స్థితిలో జార్జ్ లేడు. ఆయన్ను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. తన చేతుల మీద పెరిగిన ప్రాణి ఒక్కసారి కరిచిందని, దాని కళ్లలోకి చూసి తుపాకీ ఎత్తగలవాళ్లు ఎందరు? మేరులో ఆయన పనికి కాలం చెల్లిందని మాత్రం తేలిపోయింది. గర్ల్‌ను అడవికే వదిలి బయటికి రావలసి వచ్చింది.

వచ్చే ముందు బాయ్ కనిపించింది. కాలి ఎముక విరిగి, ఒళ్లు చిక్కి, కుంటుతూ. అడవి దున్నపోతు కొమ్ములకు చిక్కి ఉంటుందని అనుకున్నారు. అలా కాలు విరిగిన సింహం అడవిలో ఎక్కువ రోజులు బతకదు. ఆకలి తీసుకుపోతుంది, లేదంటే సాటి సింహాలు చంపేస్తాయి. ఒక్క తూటాతో ఆ బాధ తీర్చేసే వీలుంది. అదే దయ అని అనేవాళ్లూ ఉండేవారు. జార్జ్ పశువైద్యుడు టోనీ హార్తూర్న్‌కు కబురుపెట్టాడు. మత్తిచ్చి, ఎముకలో ఉక్కు కడ్డీ అమర్చి, కట్టు కట్టారు. విమానంలో నైవాషా సరస్సు ఒడ్డున జాయ్ ఇంటికి చేర్చారు. అక్కడ నెలల తరబడి బాయ్ పడుకుని ఉంది. తిండీ నీళ్లూ మనుషుల చేతుల మీదుగానే. మెల్లగా లేచి నిలబడింది, మెల్లగా అడుగు వేసింది. మనిషి నుంచి దూరం కావలసిన సింహం మనిషికి ఇంకా దగ్గరైపోయింది. కరుణ ఇంత కఠినమైన బాకీ రాస్తుందని ఆ సరస్సు ఒడ్డున ఎవరు ఊహించారు?

1970లో జార్జ్ కోరా చేరాడు. టానా నది ఒడ్డున, వ్యవసాయానికి పనికిరాని, వేడికి మాడిపోయే ముళ్లపొదల నేల. తమ్ముడు టెరెన్స్ ఎత్తయిన తీగల కంచెతో క్యాంపు కట్టాడు. మనుషులు కంచె లోపల, సింహాలు బయట. అక్కడికే లండన్ నుంచి క్రిస్టియన్ వచ్చింది. హారోడ్స్ దుకాణంలో ఇద్దరు ఆస్ట్రేలియా యువకులు కొని, నగరం నడిబొడ్డున పెంచిన కుర్ర సింహం. దాన్ని అడవిదాన్ని చెయ్యాలంటే ఒక పెద్ద సింహం తోడు కావాలి. ఆ పెద్దరికం బాయ్ తీసుకుంది. మొదట మీదపడి దడిపించింది. క్రిస్టియన్ వెల్లకిలా దొర్లి లొంగిపోయింది. తరువాత రెండూ ఒకే చెట్టు నీడన పడుకోవడం మొదలుపెట్టాయి. సాయంత్రాలు అరవై దాటిన ఒక మనిషి, ఇటొకటి అటొకటిగా రెండు సింహాలు, టానా వైపు నడిచి వెళ్లేవాళ్లు. ఆ నడకలు మరికొన్నేళ్లు సాగి ఉంటే ఎంత బాగుండేది. ఏడాది కూడా నిండలేదు.

స్టాన్లీ బాయ్‌కు కొత్తవాడు కాడు. బాయ్ ఎలాంటిదో స్టాన్లీకీ తెలుసు. సింహాలు చుట్టుపక్కల ఉన్నప్పుడు కంచె దాటవద్దని జార్జ్ గట్టిగా చెప్పి ఉంచాడు. ఆ ఉదయం స్టాన్లీ కంచె దాటాడు. తేనె కోసం అంటారు. ఎంత మామూలు కోరిక అది. చెట్టు తొర్రలో తేనెపట్టు ఉందంటే కొంచెం దూరం నడిచి వెళ్లడం ఏ పల్లె మనిషికైనా నేరం కాదు. కేకలు వినిపించి జార్జ్ రైఫిల్ అందుకుని పరుగెత్తాడు. బాయ్ నోట్లో స్టాన్లీ. జార్జ్ అరుస్తూ మీదికి ఉరికితే బాయ్ వదిలి కొంచెం దూరం వెళ్లి నిలబడింది. పారిపోలేదు. ఎందుకు పారిపోవాలి? వచ్చింది జార్జ్ కదా.

ఆ ఒక్క గురి ఆయన చేతికి ఎలా కుదిరిందో తలుచుకుంటే ఊపిరి అందదు.

స్టాన్లీని ఎత్తుకుని క్యాంపుకు తెచ్చారు. మెడ దగ్గర రక్తనాళం తెగిపోయి ఉంది. చెయ్యగలిగింది ఏమీ లేదు.

ఈ కథను చెప్పేవాళ్లు చాలామంది బాయ్ కోసం కన్నీళ్లు పెడతారు, జార్జ్ కోసం పెడతారు, స్టాన్లీ దగ్గరికి వచ్చేసరికి ఒక వాక్యంతో సరిపెడతారు. అది నాకు మింగుడుపడదు. ఆ అనుబంధం ఇద్దరిదే. దానికి మూల్యం చెల్లించినవాడు మూడోవాడు, కూలికి వచ్చినవాడు. సింహాలతో బతకాలన్న కల అతనిది కాదు. అతని కోసం ఏడవకుండా బాయ్ కోసం ఏడ్వడం సగం ఏడుపే.

అదే ఏడాది, క్రిస్టియన్‌ను కొన్న యువకులు దాన్ని చూడటానికి కోరా వచ్చారు. రాళ్ల మీదుగా దిగివచ్చి, గుర్తుపట్టి, ముందుకాళ్లు వాళ్ల భుజాల మీద వేసి క్రిస్టియన్ కావలించుకున్న దృశ్యాన్ని దశాబ్దాల తరువాత ఇంటర్నెట్‌లో కోట్లమంది చూసి కళ్లు తుడుచుకున్నారు. ఆ నేల మీద కొంతకాలం క్రితం ఏం జరిగిందో ఆ దృశ్యంలో ఎక్కడా లేదు. బాయ్ తోడు పోయాక క్రిస్టియన్ అడవి సింహాల మధ్య ఒంటరిగా నిలదొక్కుకోవలసి వచ్చింది. 1973లో అది దూరంగా వెళ్లిపోయింది. మళ్లీ కనిపించలేదు.

జార్జ్ ఆగలేదు. స్టాన్లీ చేసిన పనికి టోనీ ఫిట్జ్‌జాన్ అనే యువకుడు వచ్చాడు. 1975లో అతన్నీ ఒక సింహం చీల్చి చావు అంచుదాకా తీసుకువెళ్లింది. 1980లో టెరెన్స్ మీద మరొకటి పడింది. అదే ఏడాది జనవరిలో షాబా అడవిలో జాయ్ హత్యకు గురైంది, తన దగ్గర పనిచేసి వెళ్లిన మనిషి చేతిలో. ఆమెను సింహమే చంపిందని మొదట అనుకున్నారు. 1989 ఆగస్టు 20న బందిపోట్లు కోరాలో ఒక అతిథిని అడ్డగించారని తెలిసి, ఎనభై మూడేళ్ల జార్జ్ కాపాడటానికి బండిని తుపాకుల మీదికే నడిపించి ప్రాణం వదిలాడు. ఆయనతోపాటు ఆయన సహాయకులు ఇద్దరు పోయారు. ఆ ఇద్దరి పేర్లూ ఎవరికీ నోటికి రావు.

మేరు పార్కును కూడా ఆ దశాబ్దంలోనే వేటగాళ్లు గుల్లచేశారు. సింహాలూ ఏనుగులూ తరిగిపోయిన ఆ అడవిని తిరిగి నిలబెట్టే పనికి తరువాతి కాలంలో వార్డెన్‌గా వచ్చినవాళ్లలో, 1969లో జీపు కిటికీ పక్కన కూర్చుని బాయ్ నోటికి చెయ్యి చిక్కిన ఆ పసివాడు ఒకడు. వాడు పెద్దవాడై, ఏ సింహం తనను కరిచిందో ఆ సింహాల అడవికే కాపలా కాశాడు. స్టాన్లీకి ఇంకేదో కావడానికి వయసు మిగల్లేదు.