ఉప్పు పెరికెల త్రోవలు

దక్షిణ అమెరికాలో ఇంకా చక్రవర్తుల కాలపు బాటలను గూర్చి పలువురు వినియే యుందురు. ఆండీస్ పర్వతములపై ముప్పది వేల కిలోమీటర్లకు మించి అల్లుకొన్న ఆ మార్గములకు 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ గౌరవము దక్కెను. వానిపై బండి నడవలేదు. లామాలు బరువు మోసెను. వార్తాహరులు వంతులవారీగా పరుగెత్తిరి.

పార్వతీపురపు మన్యములోను బండి యెరుగని త్రోవలు ఉండెను. వీనిని వేయించిన చక్రవర్తి యెవడును లేడు. ఉప్పే వీనిని వేయించెను. కొండపై ఉప్పు పండదు గదా! సముద్రతీరపు అళములలోని ఉప్పును పెరికెలలో నింపి, ఎద్దుల వీపున వేసి, లంబాడీలు మందలు మందలుగా సాలూరు, పాచిపెంట కనుమల మీదుగా ఇప్పటి ఒడిశాలోని జయపురము వైపు తోలుకొని పోవుచుండిరి. తిరుగుదారిలో కొండధాన్యము దిగివచ్చెడిది. ఎద్దు ఎక్కగల వాలే త్రోవకు కొలత. ఇరుకు మలుపులో ముందటి ఎద్దు మొండికేసినచో వెనుకటి మంద యంతయు నిలువవలసినదే.

ఇట్టి కనుమను కాచువానికి గొప్ప పలుకుబడి యుండుట సహజము. పాచిపెంట జమీందారులకు ‘దక్షిణ కవాట యువరాజు’ అని బిరుదు. కవాటమనగా తలుపు, జయపుర రాజ్యమునకు ఈ కనుమయే దక్షిణపు తలుపు. ఆ తలుపు ఒకప్పుడు శత్రువులకును తెరచుకొనెను. 1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచివారికి దక్కగా, అది సహింపని శ్రీకాకుళపు ఫౌజుదారు జాఫరాలీ ఖాను నాగపురపు మరాఠాలను పిలిపించెను. మరుసటి యేట వారి దండు సాలూరు కనుమ దిగి మైదానపు గ్రామములను దోచుకొనెను.

బండి బాటలు ఆంగ్లేయుల కాలములో వచ్చినవి. బాట యెవరి చెమటతో పడినదన్న ప్రశ్న ఇచ్చటనే పుట్టును. ఇంకా రాజ్యములో ప్రజలు వంతు చొప్పున రాజుపని చేయవలసి యుండెను. దానిని ‘మిట’ అనిరి. అదియు నిర్బంధమే, కాని పనిచేయువారికి రాజ్యము తిండి పెట్టెడిది. మన మన్యములో దాని పేరు వెట్టి. దక్షిణమున గూడెము కొండలలో నర్సీపట్నము–చింతపల్లి బాటపనికి గిరిజనులను బలవంతముగా తరలించి, న్యాయమైన కూలి యీయకపోవుట 1922లో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటునకు ఒక కారణమయ్యెను.

1909 నాటికి పార్వతీపురమునకు, 1913లో సాలూరునకు రైలు వచ్చెను; 1931లో రాయపూరు మార్గము పూర్తియయ్యెను. పెరికె యెద్దులు కనుమరుగైనవి. నేడు లారీలు సాలూరునుండి సుంకి మీదుగా కొరాపుట్టునకు ఎక్కుచున్నవి. అయినను బాట చేరని గూడెములనుండి జాతాపులు, సవరలు కాలిత్రోవలనే వారపు సంతలకు దిగుచున్నారు. తిరిగి ఎక్కునపుడు మూటలో ఉప్పు ఉండును.